పదకొండు ఎర్ర టిక్కులు

ప్లీడరుగారు ఏ కాగితాన్నీ చదవరు. లెక్కపెడతారు.

ఈ సంగతి బయటివాళ్లకు తెలియదు. వాళ్లకు కనిపించేదల్లా ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని, మూడు పేజీల ఇంగ్లీషు పత్రం మీద తల వంచుకుని కూర్చోవడమే. పెన్సిలు ఒక్కో పంక్తి కిందా మెల్లగా జరుగుతూ వెళ్లి, ఉన్నట్టుండి ఓ చోట ఆగి టిక్కు పెడుతుంది. ఎంత శ్రద్ధ, ఎంత ఓపిక అని కక్షిదారులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆయన వెతికేది మాత్రం ఒక్కటే. సెల్ఫ్ అనే తోక ఉన్న మాటలు ఆ పత్రంలో ఎన్ని పడ్డాయి? మైసెల్ఫో, హిమ్‌సెల్ఫో, హర్‌సెల్ఫో, ఏదైనా ఫరవాలేదు, మొత్తం పదకొండు ఉండాలి. పది ఉంటే పత్రం వెనక్కి. పన్నెండున్నా వెనక్కే.

ఇది ఆయన గురువుగారి నుంచి వచ్చిన లెక్క. ఎప్పుడో గురువుగారు పదింటితో రాసిన పత్రం ఒకటి కోర్టులో వీగిపోయిందట. ఇంకోటి చేర్చి రాసిన తరవాతి పత్రం నెగ్గిందట. మొదటిది ఎందుకు ఓడిందో, రెండోది ఎందుకు గెలిచిందో అడిగిన వాళ్లు లేరు. అప్పట్నుంచీ ఆ ఆఫీసులో ఒక మోడల్ ఫైలు, అందులోంచి ఒక మాట తీసేయడం అన్నది లేదు. వచ్చిన మాట వచ్చినట్టే ఉంటుంది, ముందుగదిలో దిగబడిన చుట్టంలాగా.

ఉత్త ‘నేను’ అని రాస్తే మనిషి కాగితం మీద దిక్కులేనివాడిలా కనిపిస్తాడని, పక్కన మైసెల్ఫ్ కూడా ఉంటే తన సాక్షిని తానే వెంటబెట్టుకొచ్చినట్టు ఉంటుందని ప్లీడరుగారి సిద్ధాంతం. ఫోనెత్తితే ‘మైసెల్ఫ్ స్పీకింగ్’ అంటారు. పెళ్లాన్ని పరిచయం చేసినా మైసెల్ఫుతోనే మొదలుపెడతారు. కోర్టు వరండాలో జూనియర్లు ఆయన్ని మైసెల్ఫ్‌గారనే అంటారు, ఆయన అటు తిరిగాక.

ఇలాంటి చోట టైపిస్టు ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. మొదట మిషను మీద, తరవాత కంప్యూటరు మీద. ఆవిడ వేళ్లకు ఇంగ్లీషు వచ్చు, తలకు కూడా వచ్చు, కానీ ఆ రెంటికీ మధ్య రాకపోకలు లేవు. “అర్థం చూసుకుంటూ కొడితే తప్పులొస్తాయమ్మా, అక్షరం చూసి కొట్టు” అని చేరిన రోజే ప్లీడరుగారు చెప్పారు. ఆవిడ అలాగే కొట్టింది. ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క అక్షరం తప్పు పోలేదని ఆవిడకు కాస్త గర్వం కూడా ఉంది. యాభై దాటిన మనిషి, ఇంకో చోట ఎవరూ పిలిచి కుర్చీ వేయరని తెలుసు కాబట్టి ఆ కుర్చీలోనే జాగ్రత్తగా కూర్చుంది.

ఆ మధ్యాహ్నం బొత్తాలవ్వ వచ్చింది.

బొత్తాలవ్వకు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం, పొయ్యి. కుట్టడం ఆవిడ జీవనం. ఎవరి చొక్కాకైనా బొత్తాం ఊడితే మాత్రం ఊరికే కుట్టి పంపుతుంది, అందుకే ఆ పేరు. ఈ మధ్య మోకాళ్లు మొరాయించి మెట్లెక్కలేకపోతోంది. నీళ్ల ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. అక్కడ తన బదులు తన అక్క కొడుకు సంతకం పెట్టేందుకు ఒక పవరు కాగితం కావాలి. ఇంతే పని. గోటితో పోయేదే, కానీ మోడల్ ఫైల్లో ఉన్నవన్నీ గొడ్డళ్లే.

మూడు పేజీలూ కొట్టి, టిక్కులు పెట్టించుకుని టైపిస్టు తన బల్ల దగ్గరికి వచ్చింది. బెంచీ మీద కూర్చున్న అవ్వ మెడ చాచి చూసింది.

“అమ్మాయ్, ఇందులో నేనెక్కడున్నాను?”

ఇంతవరకూ ఆ ప్రశ్న అడిగిన కక్షిదారు లేడు. సంతకం ఎక్కడ పెట్టాలని అడుగుతారు, అంతే. టైపిస్టు నవ్వి, ఎర్ర టిక్కులు చూపించింది. “ఇదిగో ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇక్కడ. ఈ హర్‌సెల్ఫ్ అన్నచోటల్లా నువ్వేనవ్వా.”

అవ్వ వేలితో ఒక్కోటీ తాకుతూ లెక్కపెట్టింది. “పదకొండు చోట్ల ఉన్నానా? ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, ఇక్కడేమో పదకొండుమందిని. మరి పదకొండు చోట్లా ఏం చేస్తున్నానే?”

టైపిస్టు జవాబు చెబుదామనే నోరు తెరిచింది. తెలియదు. తన చేత్తో కొట్టిన కాగితం, ఇలాంటివి వందల కొద్దీ కొట్టింది, అందులో ఈ ముసలమ్మ ఏం చేస్తోందో తెలియదు. “ఉండు చూసి చెబుతా” అని మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టింది. మొదటి చోట అవ్వ తనకు తానుగా ముందుకొస్తోంది. రెండో చోట తనను తాను కట్టుబరచుకుంటోంది. మూడో చోట తన తరఫున, వారసుల తరఫున మాట ఇస్తోంది. పది వరకూ ఇదే వరస, ఎవరికీ నష్టం లేదు. పదకొండో చోట, మూడో పేజీ అడుగున, ముందు గది మీద తనకున్న సమస్త హక్కూ వదులుకుని దాన్ని శాశ్వతంగా అక్క కొడుక్కి ధారపోస్తోంది.

టైపిస్టు ఆ పంక్తిని రెండోసారి చదివింది. మోడల్ తీసి చూసింది. ఎప్పుడో ఎవరో అన్నదమ్ములు గది పంచుకున్నప్పటి పంక్తి అది. పదకొండో సెల్ఫ్ అందులోనే ఉంది కాబట్టి పవరు కాగితాల మోడల్లోకి అలాగే వచ్చి కూర్చుంది. ‘గది’ అన్నచోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఏం రాయాలని, పొద్దున వివరాలు ఇవ్వడానికి వచ్చిన అక్క కొడుకుని తానే అడిగింది. “ముందు గదండీ, నీళ్ల గొట్టం అందులోంచే పోతుంది” అన్నాడతను పాపం. తానే నింపింది.

“ఏమే, ఏం చేస్తున్నాను?” అంది అవ్వ.

“సార్‌ని అడిగొస్తా” అని టైపిస్టు లోపలికి వెళ్లింది.

ప్లీడరుగారు విన్నారు. కోపం రాలేదు, జాలి పడ్డారు. “అది భాషమ్మా. భాషలో అలా ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎవడైనా గది తీసుకుంటాడా?”

“తీసుకోవచ్చు కదండీ. సంతకం ఉంటుంది, రిజిస్ట్రీ ఉంటుంది.”

“ఆ కుర్రాడు మంచివాడు.”

“మంచివాడేనండి. ఆ పంక్తి తీసేస్తే మంచివాడిగానే ఉండిపోతాడు.”

“తీసేస్తే పది అవుతాయి” అన్నారు ప్లీడరుగారు. అంతకన్నా పెద్ద కారణం ఆయన దగ్గర లేదు, అవసరమూ లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించి ఏం లాభం. “చూడమ్మా, టైపు చెయ్యడం నీ పని. అర్థాలు చెప్పడం నా పని. పార్టీల దగ్గర అర్థాలు మాట్లాడావో, రేపట్నుంచి ఇంకో చోటు చూసుకో.”

బయటికొచ్చి టైపిస్టు అవ్వతో, “అంతా బాగానే ఉందిట” అంది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. అవ్వ మాత్రం తృప్తిగా లేచి, టైపిస్టు జాకెట్టు చేతి అంచున వేలాడుతున్న దారం చూసి, పళ్లతో పుటుక్కున కొరికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. అంతా విని, “నీకెందుకొచ్చిన గొడవ” అన్నాడు. కాసేపయ్యాక తనే, “బ్రేకు పనిచెయ్యట్లేదని తెలిసి బండి బయటికి పంపినవాణ్ణి మా దగ్గర ఒకణ్ణి తీసేశారు” అన్నాడు. మరి ఇందులో ఏది సలహా అని ఆవిడ అడగలేదు.

మర్నాడు పొద్దున రిజిస్ట్రీ ఆఫీసుకి ముగ్గురూ బయల్దేరారు, అవ్వ, అక్క కొడుకు, టైపిస్టు. ప్లీడరుగారు రారు. ప్రతి పత్రం అడుగునా ‘నేను, మైసెల్ఫ్, ఈ పత్రాన్ని ఇచ్చేవారి ఎదుట కూర్చుని, వారి సొంత భాషలో చదివి వివరించాను’ అని ఆయన సంతకంతో ఒక సర్టిఫికెట్టు ఉంటుంది; ఆ మైసెల్ఫ్ మాత్రం పదకొండు లెక్కలోకి రాదు. ఆ సమయానికి ఆయన ఇంట్లో రెండో కాఫీ తాగుతుంటారు. కింద సాక్షి అన్నచోట టైపిస్టు సంతకం. రిజిస్ట్రారు ఏదైనా అడిగితే ఆయన తరఫున ‘చదివారండీ’ అని చెప్పడం కూడా ఆవిడ పనే. తానే స్వయంగా చేశానని చెప్పుకోడానికి కూడా ఆయనకు ఇంకో మనిషి కావాలి.

బస్సులో టైపిస్టు, అవ్వ పక్కనే కూర్చుంది. మూడు స్టాపుల దాకా చెబుదామని చూసింది. ప్రతి స్టాపులోనూ తరవాతి స్టాపులో అనుకుంది. అక్క కొడుకు వెనక సీట్లోంచి “పిన్నీ, ఎండ తగుల్తోందా, ఇటు మారతావా” అని అడుగుతున్నాడు. అంత మంచిగా ఉన్నవాడి ముందు ఆ మాట ఎలా ఎత్తడం? పిరికితనానికి సాకు కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. ఆవిడకు బస్సులో దొరికింది.

రిజిస్ట్రారు ముందు కాగితాల గుట్ట ఉంది. ఆయన తలెత్తకుండానే పత్రం లాక్కుని, పెన్ను మూత తీసి, రోజుకు నలభైసార్లు అడిగే ప్రశ్న అడిగాడు.

“ప్లీడరుగారు స్వయంగా చదివి వినిపించారా?”

పెన్ను అప్పటికే సంతకం దగ్గరికి వచ్చేసింది. అవ్వ, టైపిస్టు మొహంలోకి చూసింది, నువ్వు చెప్పు అన్నట్టుగా. ‘చదివారండీ’ అన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, ఇరవై రెండేళ్లుగా అక్కడే కాపరం ఉంటోంది కదా.

“లేదండీ” అంది టైపిస్టు.

పెన్ను ఆగింది. రిజిస్ట్రారు మొదటిసారి తలెత్తాడు. ఆయనకు కోపం కన్నా ఇబ్బంది ఎక్కువ కలిగింది. అవునంటే ఏం చెయ్యాలో తెలుసు, లేదంటే ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. సొరుగులోంచి రూల్సు పుస్తకం తీసి, దుమ్ము దులిపి, చాలాసేపు వెతికాడు. చివరికి, “అయితే ఆయన్నొచ్చి చదవమనండి. ఆయనే రాశారుగా, తానే చదివానని” అని ఫోను చేశాడు. అవతల్నుంచి ‘మైసెల్ఫ్ స్పీకింగ్’ అని గదిలో అందరికీ వినపడింది.

“అదేనండీ, తమరే రావాలి” అన్నాడు రిజిస్ట్రారు.

అరగంటలో ప్లీడరుగారు వచ్చారు. హడావుడిలో నల్లకోటు బొత్తాం ఒకటి తలుపు గడియకు తగులుకుని దారం మీద వేలాడుతోంది. టైపిస్టు వైపు ఒక చూపు చూశారు, ఆ చూపులో ఆవిడ ఉద్యోగం అయిపోయింది. తరవాత పత్రం అందుకుని, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో ఘనంగా మొదలుపెట్టారు. రిజిస్ట్రారు చెయ్యెత్తాడు.

“ఆవిడ భాషలో అని రాశారండీ.”

ప్లీడరుగారు మళ్లీ గొంతు సవరించుకున్నారు. “అనగా… ఈ అమ్మగారు, ఈమె, తనకు తానుగా… తన తరఫున తానే… తన చేత తానే… తనను తాను కట్టుబరచుకుని…”

అవ్వ శ్రద్ధగా వింది. “బాబూ, అన్నీ నేనే చేసుకునేటట్టయితే ఇంక మావాడికి పవరెందుకు?”

పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గినట్టుగా నవ్వారు. ప్లీడరుగారి మెడ ఎర్రబడింది. ఇంగ్లీషులో గుర్రంలా పరిగెత్తే వాక్యం తెలుగులో అడుగడుక్కీ ఎక్కడికెళ్లాలి అని అడుగుతోంది. మొదటి పేజీ అయ్యేసరికి ఆయన తానెవరో, ఆవిడెవరో కలగాపులగం చేసి, ఒకచోట అవ్వ వారసుల్లో తనను కూడా కలిపేశారు. రెండో పేజీ ఎలాగో దాటారు. మూడో పేజీ అడుగుకొచ్చారు.

“తనకు తానుగా… ముందు గది మీద ఉన్న… సమస్త హక్కునూ…”

అక్కడ ఆయన ఆగిపోయారు. ఆ పంక్తిని ఆయన జీవితంలో మొదటిసారి చదువుతున్నారని ఆ గదిలో టైపిస్టు ఒక్కదానికే తెలుసు.

“ముందు గదా?” అంది అవ్వ. “నా మిషనున్న గదా? దానికేమైంది?”

“వదులుకుంటున్నావవ్వా” అంది టైపిస్టు. “శాశ్వతంగా.”

అవ్వ అక్క కొడుకు వైపు తిరిగింది. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. “నాకు తెలీదు పిన్నీ, ఒట్టు” అన్నాడు. నిజమే, వాడికి తెలియదు. కానీ ఆ మాట అనే ముందు వాడు ఒక్క గుటక మింగడం, కళ్లు ఆ పంక్తి మీదికి ఒకసారి వెళ్లి రావడం టైపిస్టు చూసింది. కాగితం ఒక ఏడాది చేతిలో ఉంటే వాడికి ఏమేం తెలిసేదో దేవుడికెరుక.

“టైపు తప్పు” అన్నారు ప్లీడరుగారు తేరుకుని. “మా టైపిస్టు పెద్దదైపోయింది, ఏదో పొరపాటున వేరే పత్రంలోది కలిపేసింది.”

ఆ మాట టైపిస్టుకు తగిలింది. దొంగ అన్నా ఇంత బాధ ఉండేది కాదు. ఇరవై రెండేళ్లలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆవిడ సంచీలోంచి చిత్తు ప్రతి తీసి రిజిస్ట్రారు బల్ల మీద పరిచింది.

“తప్పయితే సార్ టిక్కు పెట్టరండీ. చూడండి, పదకొండు ఉన్నాయి. పదకొండోది ఆ పంక్తి మీదే.”

ఎర్రగా, స్పష్టంగా, తోక కాస్త పైకి లేచి ఉంది ఆ టిక్కు. రిజిస్ట్రారు దాన్ని చూశాడు, ప్లీడరుగారి జేబులో ఎర్ర పెన్సిలును చూశాడు. పెన్ను ఆయన చేతికిచ్చాడు. ప్లీడరుగారు ఆ పంక్తిని తన చేత్తో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. గురువుగారి నాటి నుంచి మోడల్లో చేరిన మాటల్లో మొదటిసారిగా ఒకటి బయటికి పోయింది. పత్రం దానివల్ల చిరిగిపోలేదు, ఇంటి కప్పు కూలలేదు. అవ్వ సంతకం పెట్టింది.

ప్లీడరుగారు వెళ్లిపోబోతుంటే అవ్వ ఆపింది. “ఉండు బాబూ, బొత్తాం ఊడిపోతోంది.” కొంగు ముడిలోంచి సూదీ దారం తీసి, ఆయన వద్దంటున్నా వినకుండా కోటు పట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. “కదలకు, గుచ్చుకుంటుంది.” రిజిస్ట్రీ ఆఫీసంతా చూస్తుండగా ఆయన రెండు నిమిషాలు ఆ ముసలమ్మ ముందు కదలకుండా నిలబడ్డారు.

ఆఫీసుకి తిరిగొచ్చాక ఆయన టైపిస్టు వైపు చూడకుండా చెప్పారు. “ఉద్యోగం నుంచి తొలగింపు ఉత్తరం. టైపు చెయ్యి.”

అలాంటి దానికి మోడల్ లేదు. ఆవిడ, అద్దె గది ఖాళీ చేయించే నోటీసు ఒకటి తీసి మార్చింది. పదకొండు చోట్ల పదకొండూ పడేలా చూసింది. ఏళ్ల అలవాటు, అడుగున సర్టిఫికెట్టు కూడా కొట్టింది. ఈసారి మాత్రం ప్రతి పంక్తీ అర్థం చూసుకుంటూనే కొట్టింది. తప్పులేమీ రాలేదు.

ఆయన పెన్సిలు తీసి టిక్కులు పెట్టారు. పదకొండు. సంతకానికి పెన్ను తీశారు.

“సార్, కింద సర్టిఫికెట్టు ఉందండి” అంది టైపిస్టు. ఆ పంక్తి మీద వేలు పెట్టి చూపించింది. “మీరే చదివి, నా భాషలో నాకు చెప్పాలి.”

ప్లీడరుగారు కాగితం చూశారు. ఇంగ్లీషులో అది పేజీన్నర. తెలుగులో రెండు మాటలు. ఆ రెండు మాటలూ ఇరవై రెండేళ్లుగా తన ఎదుట కూర్చున్న మనిషి మొహంలోకి చూసి అనాలి. “అమ్మా, నిన్ను…” అన్నారు. చెయ్యి దానంతటది కోటు బొత్తాం మీదికి పోయింది. గట్టిగా ఉంది బొత్తాం, నాలుగు పోగులు వేసి కుట్టింది అవ్వ. “నిన్ను…” అని మళ్లీ అన్నారు. క్రియ రాలేదు.

ఆయన ఆ ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టారు. చింపలేదు, సంతకమూ పెట్టలేదు.

“ఆ పంక్తి,” అన్నారు, గొంతు తగ్గించి, “ఇంకెన్ని పత్రాల్లో పోయుంటుంది?”

టైపిస్టు లేచి అలమరా తెరిచింది. ఏడాదికొక కట్ట చొప్పున ఇరవై రెండు కట్టలు. పై కట్ట దింపి, దారం విప్పి, మొదటి పత్రం తీసింది. ఎవరో తాపీమేస్త్రీ, తమ్ముడికిచ్చిన పవరు. మూడో పేజీ అడుగుకు పోతే ఆ పంక్తి ఉంది. ఖాళీలో ‘వెనక గది’ అని తన టైపు. దాని కింద ఆయన సంతకం. ఇందులో నేనెక్కడున్నాను అనుకుంది ఆవిడ, వెతకనక్కరలేకుండానే కనపడింది. సాక్షి అన్నచోట, గుండ్రటి అక్షరాల్లో, తానే.

“చదవమంటారా?” అంది.

ప్లీడరుగారు ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“తెలుగులో చదువు” అన్నారు.